తమ్ముడి పెళ్లికి డిజైనర్ లెహంగానా, పట్టుచీరా?

మీరు అడిగింది ఇదీ: తమ్ముడి పెళ్లి వైశాఖంలో. విజయవాడలో అమ్మాయివాళ్లు చూసిన మండపంలో తెల్లవారుజామున ముహూర్తం, తర్వాత గుంటూరులో మీ రిసెప్షన్. చంకలో మూడేళ్ల పాప, చేతిలో ముప్పై వేల బడ్జెట్. స్నేహితురాళ్లు డిజైనర్ లెహంగా అంటున్నారు, అమ్మగారు పట్టుచీరే కట్టాలంటున్నారు.

నేనైతే ముహూర్తానికి చీర, రిసెప్షన్‌కి లెహంగా అంటాను. ఆచారం గురించి కాదండీ, పని గురించి చెబుతున్నా. మీరు ఆ పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి భోజనానికి వెళ్లే మనిషి కాదు, ఆడపడుచు. పళ్లాలు మోయాలి, వంగాలి, పీటల పక్కన కింద కూర్చుని లేవాలి. తాళి కట్టేటప్పుడు పెళ్లికూతురి జడ పైకెత్తి పట్టుకునేది చాలా ఇళ్లలో ఆడపడుచే. మా అన్నయ్య పెళ్లిలో ఆ పని నాది. నా జాకెట్టు చేతి అంచున ఉన్న జర్దోసీ ఎంబ్రాయిడరీ తీగ వెళ్లి వదిన పూలజడలో చిక్కుకుంది. అవతల గట్టిమేళం మొదలైపోయింది, ఫొటోగ్రాఫర్ పక్కకి జరగమంటున్నాడు, మా పిన్ని ఒక్కో దారం విడదీస్తోంది. ఆల్బమ్‌లో ఆ ఫొటోలన్నిటిలో నా మోచెయ్యే కనిపిస్తుంది! అందుకే మగ్గం వర్క్ ఎంత చేయించుకున్నా వీపుమీదా, చేతి పైభాగంలోనూ ఉంచమని చెప్పండి. చేతి అంచుకి సన్నటి పైపింగ్ చాలు.

షాపులో అద్దం ముందు నిలబడితే ఏదైనా బాగానే ఉంటుంది. వేసుకున్నాక రెండు చేతులూ తల మీదకి ఎత్తి చూడండి. కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎవరి సాయం లేకుండా లేవండి. పాపని తీసుకెళ్లి ఎత్తుకోండి. చెమ్కీలు, కట్‌దానా అనే గొట్టపు పూసలు ఉన్న ఓణీ భుజం మీద ఉంటే నిద్రమత్తులో ఉన్న పిల్ల బుగ్గ ఆనించగానే గీసుకుని ఏడుస్తుంది. ఇక ముహూర్తం అయ్యేదాకా దాన్ని ఎవరు ఎత్తుకోవాలో మీ ఇంట్లో వెతుక్కోవాల్సిందే. లోపల క్యాన్‌క్యాన్, అంటే బిరుసు నెట్ గుడ్డ, వేసిన లెహంగాతో పీటల దగ్గర కూర్చుంటే కింది గేరా మొత్తం పక్కవాళ్ల ఒళ్లోకి వెళుతుంది.

రంగు గురించి ఒక మాట. ఐవరీ, లేత గులాబీ, లేత పచ్చ ఇప్పుడు బాగా నడుస్తున్నాయి. కానీ ముహూర్తానికి మధుపర్కాలు కట్టే ఇళ్లలో పెళ్లికూతురూ పెళ్లికొడుకూ ఇద్దరూ తెల్లటి బట్టల్లోనే ఉంటారు. వాళ్ల పక్కన మీరూ ఐవరీలో నిలబడితే ఫొటోలో ఎవరు ఎవరో తెలియదు. ముదురు రంగు తీసుకోండి, ఆకుపచ్చో నేరేడుపండు రంగో. అది కూడా లైట్ల కింద చూసి తేల్చుకోకండి, సేల్స్ అబ్బాయిని అడిగి గుమ్మం దాకా తెచ్చుకుని పగటి వెలుగులో చూడండి. వాళ్లేమీ అనుకోరు, రోజూ అలవాటే.

బెజవాడ ఎండ గురించి గుంటూరువాళ్లకి చెప్పక్కర్లేదు. ఏసీ మండపం అన్నా జనం వస్తూ పోతూ ఉంటే తలుపులు మూసి ఉండవు, హోమం పొగ వేరే. వెల్వెట్ మాట ఎత్తకండి. రా సిల్క్ జాకెట్టుకి లోపల పాలిస్టర్ లైనింగ్ వేస్తే ఒళ్లంతా ఉక్క, కాటన్ లైనింగే అడగండి. పట్టు అని చెప్పి అమ్మేది నిజంగా పట్టేనా అని అనుమానం వస్తే అసలు పట్టుకి ఇచ్చే సిల్క్ మార్క్ లేబుల్ చూడండి. కొనేసిన చీరైతే కొంగు చివర ఒక పోగు లాగి కాల్చండి: పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది.

పెళ్లికొడుకుని చేసే రోజు నలుగు, పసుపు ఉంటాయి కదా, ఆ రోజుకి ఖర్చు పెట్టకండి. మీ గుంటూరు నుంచి విజయవాడ వచ్చే దారిలోనే మంగళగిరి. అంచు వెంట చిన్న గోపురాల వరస ఉండే నిజాం బార్డర్ కాటన్ చీర తీసుకోండి, లేదా మంగళగిరి గుడ్డ మీటర్లలో కొని లాంగ్ ఫ్రాక్ కుట్టించుకోండి. ఆర్గంజా, టిష్యూ లాంటి పల్చటి గుడ్డల మీద పసుపు పడితే మనసు అక్కడే ఉంటుంది. పసుపు మరక మీద సబ్బు పెట్టగానే ఎర్రగా మారుతుంది, కంగారు పడకండి, సబ్బులో క్షారం ఉంటుంది కాబట్టి అలా అవుతుంది. కాటన్ అయితే సబ్బు బాగా పోయేలా జాడించి ఎండలో ఆరేస్తే చాలావరకు వెలిసిపోతుంది.

రిసెప్షన్ లెహంగాకి వద్దాం. డిజైనర్ అనే మాటకి బుటీక్‌లో ఒక రేటు ఉంటుంది, గుడ్డకి ఒక రేటు ఉంటుంది. విజయవాడ వన్‌టౌన్‌లో వస్త్రలత అనే బట్టల మార్కెట్‌లో చీరలూ డ్రెస్ మెటీరియలూ ఓపిగ్గా తిరిగితే దొరుకుతాయి. కొన్ని షాపులు హోల్‌సేలే, విడిగా ఇవ్వరు, ముందే అడగండి. మ్యాచింగ్, లేసులు, ఫాల్స్ బీసెంట్ రోడ్‌లో చూసుకోవచ్చు. పన్ను లెక్క కూడా ఉంది: 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కోటి రూ.2,500 దాటిన కుట్టిన బట్టలకి జీఎస్టీ 18 శాతం, గుడ్డకి 5 శాతం. రూ.20,000 రెడీమేడ్ లెహంగా మీద పన్ను విడిగా వేస్తే రూ.3,600 అవుతుంది. ట్యాగ్ మీద రేటులో అది కలిసి ఉందో లేదో అడిగి బేరం మొదలుపెట్టండి.

కుట్టించుకునేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, కుట్టు లోపల గుడ్డ వదలమనండి. ఒక బుటీక్‌లో నా జాకెట్టుకి పక్కల్లో మిగులు గుడ్డంతా కత్తిరించేసి అంచుకి ఓవర్‌లాక్ కుట్టు కొట్టేశారు. చంక దగ్గర పట్టేస్తోంది, వదులు చేయమంటే చేయడానికి గుడ్డే లేదు. పేరు చెప్పను గానీ, తప్పు మాది కాదు మీరు లావయ్యారు అన్నారు, కొలతలు తీసుకుని నెల కూడా కాకుండానే! రెండు పక్కలా కనీసం అంగుళంన్నర ఉండాలని కొలతల చీటీ మీదే రాయించండి. లెహంగా నడుముకి బొందు ఒక్కటే ఉంటే ఆ బరువుకి జారుతుంది, గట్టి బెల్టు వేసి రెండు వరసల హుక్స్ పెట్టించండి. భోజనం తర్వాత రెండో వరస పనికొస్తుంది.

అద్దె లెహంగా రిసెప్షన్ వరకు అయితే నాకు అభ్యంతరం లేదు. మళ్లీ మళ్లీ వేసుకోం కదా. జాకెట్టు మాత్రం మీ కొలతకి కుట్టించుకున్నదే ఉండాలి. అమ్మగారి పాత పట్టుచీరని గౌను చేయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే, ముందు మడతల దగ్గర వెలుతురుకి పట్టి చూడండి. పాత పట్టు మడతల్లోనే చిట్లుతుంది. వెండి జరీ చీర అయితే అసలు కత్తెర పెట్టనివ్వకండి, అలాగే ముహూర్తానికి కట్టుకోండి. కొత్త జాకెట్టు కుట్టించుకుంటే చాలు, ముప్పై వేలలో సగం మిగులుతుంది, అమ్మగారూ సంతోషిస్తారు.

విడిదిలో ఇస్త్రీ పెట్టె ఉంటుందని నమ్మకండి, చీర కుచ్చిళ్లు గుంటూరులోనే ముందుగా ప్లీటింగ్ చేయించి పెట్టెలో తెచ్చుకోండి. పాపకి పట్టులంగా కుట్టిస్తే నడుముకి ఎలాస్టిక్ పెట్టించి, లోపల మెత్తటి కాటన్ వేయించండి. రెండో జత కాటన్ ఫ్రాక్ మీ హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంచుకోండి, కారు డిక్కీలో కాదు.