రుణంతో పాటు అంటగట్టిన బీమా: కట్టిన ప్రీమియం వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది తిరుచానూరు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. 2025 జనవరిలో ఇల్లు కొనడానికి ఒక బ్యాంకులో 20 ఏళ్ల కాలానికి 22 లక్షల రూపాయల రుణం తీసుకున్నాము. ఈమధ్య ఆదాయపు పన్ను లెక్కల కోసం రుణ ఖాతా వివరాలు తెప్పించుకుంటే, అసలు 22,84,000 రూపాయలుగా కనిపించింది. ఆ 84,000 మీ పేరున తీసిన బీమాకు ఒకేసారి కట్టిన ప్రీమియం అని బ్యాంకువారు చెప్పారు. సంతకాలు పెట్టిన రోజున ‘ఇది తీసుకోకపోతే రుణం మంజూరు కాదు’ అన్న మాట తప్ప ఇంకేమీ చెప్పలేదు. పాలసీ పత్రం ఇప్పటికీ చేతికి రాలేదు. సంతకం పెట్టేశాము కాబట్టి ఆ డబ్బు మీద ఆశ వదులుకోవలసిందేనా?

జవాబు: వదులుకోనక్కరలేదమ్మా. ‘ఇది తీసుకోకపోతే రుణం రాదు’ అని చెప్పి తీసుకున్న సంతకాన్ని ఇష్టపూర్వకమైన అంగీకారంగా చూడడానికి వీలులేదు. బ్యాంకులు బీమా అమ్మవచ్చు గానీ, ఖాతాదారులు అందులో చేరడం పూర్తిగా వారి ఇష్టం మీద ఆధారపడి ఉండాలని, ఫలానా కంపెనీ పాలసీయే తీసుకోవాలని ఒత్తిడి చేయకూడదని రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన ఆదేశాలలోనే ఉంది. తాకట్టులో ఉన్న ఇంటికి అగ్నిప్రమాదం వంటివాటి నుంచి రక్షణగా బీమా ఉండాలని బ్యాంకు అడగడం వేరు, మీ ప్రాణానికి బీమా తీసుకుంటేనే రుణం ఇస్తామనడం వేరు. ఈ రెంటినీ కలిపి చెప్పడం వల్లనే చాలామంది మోసపోతున్నారు.

ఆ 84,000 రూపాయలు మీకు నిజంగా ఎంత పడుతున్నాయో ఒకసారి చూడండి. ప్రీమియాన్ని అసలులో కలిపారు కాబట్టి దానికీ వడ్డీ నడుస్తుంది. 9 శాతం వడ్డీ అనుకుంటే, 20 ఏళ్లలో తీర్చేటప్పుడు ఈ ఒక్క ప్రీమియం కోసమే నెలకు సుమారు 756 రూపాయల చొప్పున, మొత్తం మీద 1,81,000 రూపాయలకు పైగా కడతారు. ఇటువంటి పాలసీలలో కొన్నింటికి రక్షణ కాలం 5 ఏళ్లో 10 ఏళ్లో మాత్రమే ఉంటుంది. అంటే బీమా ముగిసిపోయిన తరువాత కూడా దాని తాలూకు వాయిదా కడుతూనే ఉండాలి. అందుచేత ముందుగా తెలుసుకోవలసింది మీ పాలసీ ఎన్నేళ్లకు ఉన్నదీ, రక్షణ మొత్తం రుణంతో పాటు తగ్గుతూ పోతుందా లేదా అన్నది.

ఇక పని మొదలుపెట్టే తీరు చెబుతాను. బ్యాంకు మేనేజరుకు ఒక ఉత్తరం రాయండి. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే జవాబు వస్తుంది, అది రేపు ఎక్కడా నిలవదు. మంజూరు పత్రం, బీమా దరఖాస్తు, బీమా ధ్రువపత్రం, ప్రీమియం రసీదు, రుణం వడ్డీ, రుసుములు, ఇతర ఖర్చులన్నీ ఒకచోట చూపే ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ నకళ్లు ఇవ్వమని అడగండి. ఈ చివరి కాగితం మీ విషయంలో చాలా ముఖ్యం. 2024 అక్టోబరు 1న గానీ ఆ తరువాత గానీ మంజూరైన, గృహరుణం వంటి కొత్త రిటైల్ రుణాలన్నింటికీ దీనిని ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఇతర సంస్థల తరఫున బ్యాంకు వసూలు చేసే బీమా రుసుములను కూడా అందులో చూపించాలి, వాటిని కలుపుకొనే వార్షిక వ్యయ శాతాన్ని లెక్కగట్టాలి. అందులో పేర్కొనని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయడానికి వీలులేదు. మీది 2025 జనవరి రుణం కాబట్టి ఈ నియమం మీకు వర్తిస్తుంది. 84,000 రూపాయల ప్రస్తావన ఆ కాగితంలో లేకపోతే మీ వాదానికి అంతకు మించిన ఆధారం అక్కరలేదు.

అదే ఉత్తరంలో సంతకాల రోజున ఎవరు ఏమన్నారో తేదీతో సహా రాసి, ప్రీమియాన్ని రద్దుచేసి, దాని మీద ఇంతవరకు పడిన వడ్డీతో సహా అసలులో తగ్గించమని కోరండి. ప్రతిని శాఖలో ఇచ్చి, మీ దగ్గర ఉంచుకొనే నకలు మీద అందినట్లు ముద్ర, తేదీ వేయించుకోండి. అందుకు ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. బీమా కంపెనీకి కూడా విడిగా రాయండి. పాలసీ పత్రం చేతికి అందిన నాటి నుంచి 30 రోజుల లోపల, నచ్చకపోతే తిప్పి పంపే హక్కు పాలసీదారుకు ఉంది. పత్రమే అందలేదన్నది మీ వాదం కాబట్టి, ఆ గడువు ఇంకా మొదలుకానే లేదని స్పష్టంగా రాయండి. ఎప్పుడు, ఏ చిరునామాకు పంపారో రుజువు చూపవలసింది అప్పుడు వాళ్లే.

బ్యాంకు 30 రోజులలో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే ఖాతాదారుల ఫిర్యాదులు విని తీర్చే అధికారికి, ఫిర్యాదు చేయవచ్చు. ఆన్‌లైన్‌లో పంపవచ్చు, లేదా కాగితం మీద తెలుగులోనే రాసి చండీగఢ్‌లోని స్వీకరణ కేంద్రానికి పంపవచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. బీమా కంపెనీ మీది ఫిర్యాదు అయితే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయం చూస్తుంది. రెండు చోట్లా రుసుము లేదు. ఇవి కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ కారణం ఏర్పడిన నాటి నుంచి 2 ఏళ్ల లోపల దాఖలు చేయాలి కాబట్టి, 2027 జనవరిని గడువుగా పెట్టుకొని నడవండి. ఉత్తరాలకు జవాబు వస్తుందిలే అని ఎదురుచూస్తూ ఆ తేదీని దాటనివ్వకండి.

ఒక్క మాట మాత్రం మనసులో ఉంచుకోండి. రుణానికి బీమా ఉండడం తప్పుకాదు, చెప్పకుండా అంటగట్టడం తప్పు. మీ జీతం మీద ఇల్లు గడుస్తూ, మీకు వేరే టర్మ్ పాలసీ (నిర్ణీత కాలంలో ప్రాణం పోతే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా) లేకపోతే, ముందు అది తీసుకున్న తరువాతే దీనిని రద్దు చేయించుకోండి. నడుమ ఒక్కరోజు కూడా కుటుంబం రక్షణ లేకుండా ఉండకూడదు.

ప్రశ్న: మాది చిత్తూరు. మా తమ్ముడు 2005 నుంచి 2011 వరకు లండన్‌లో ఉద్యోగం చేశాడు. అక్కడ తీసుకున్న వ్యక్తిగత రుణం మీద ‘పీపీఐ’ అనే బీమా కట్టించుకున్నారట. ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి, 18,000 రూపాయలు ముందుగా పంపితే ఆ సొమ్ము పౌండ్లలో వెనక్కి ఇప్పిస్తామంటున్నారు. పంపవచ్చునా?

జవాబు: పంపవద్దని తమ్ముడికి ఈరోజే చెప్పండి అయ్యా.

ఫోన్ చేసినవారు చెప్పిన కథలో నిజం లేకపోలేదు, అందుకే అది నమ్మించగలుగుతుంది. పీపీఐ అంటే జబ్బు చేసినా, ప్రమాదం జరిగినా, ఉద్యోగం పోయినా రుణ వాయిదాలు కట్టే బీమా. బ్రిటన్‌లో దానిని రుణాలతో, ఇంటి తాకట్టులతో, క్రెడిట్ కార్డులతో కలిపి లక్షలాది మందికి అమ్మారు. సొంత వృత్తి చేసుకొనేవారికి, ఉద్యోగ విరమణ చేసినవారికి, అంటే ఏనాడూ క్లెయిము చేసుకోలేనివారికి కూడా అంటగట్టారు. 2011 ఏప్రిల్‌లో బ్యాంకులు కోర్టులో ఓడిపోయిన తరువాత 2019 చివరి దాకా చెల్లించిన పరిహారం 3,800 కోట్ల పౌండ్లకు పైమాట. ఒక కేసులో 5,780 పౌండ్ల ప్రీమియంలో 71.8 శాతం కమిషన్లకే పోయిందని, ఆ సంగతి చెప్పకపోవడం అన్యాయమని 2014లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

కానీ ఆ ఫిర్యాదులకు చివరి తేదీ 2019 ఆగస్టు 29. అది దాటిన తరువాత బ్యాంకులు మామూలు పద్ధతిలో కొత్త ఫిర్యాదులు తీసుకోవడం లేదు. మిగిలింది కోర్టు మార్గం ఒక్కటే. కమిషన్‌ను దాచిపెట్టిన సందర్భాలలో, ఆ సంగతి రుణగ్రహీతకు తెలిసిన లేదా తెలుసుకోగలిగి ఉండిన నాటి నుంచే ఆరేళ్ల కాలపరిమితి లెక్కించాలని 2023 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయితే అప్పటి రుణ పత్రాలు తమ్ముడి దగ్గర ఉండాలి, అక్కడి న్యాయవాదిని పెట్టుకోవాలి. రాబడి కంటే ఖర్చు ఎక్కువయ్యే అవకాశం ఉన్నందున నేను గట్టిగా సిఫారసు చేయలేను. గడువు ఉన్న కాలంలో కూడా ఫిర్యాదు చేయడానికి రుసుము ఉండేది కాదు. మధ్యవర్తి సంస్థలు వచ్చిన సొమ్ములో 20 శాతానికి మించి, పన్ను కాక, తీసుకోకూడదని 2018లో చట్టమే చేశారు. ముందుగా డబ్బు అడిగిన ఈ ఫోను మోసగాళ్లదే అనుకోవాలి. ఆధార్, బ్యాంకు వివరాలు ఇప్పటికే చెప్పి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

ప్రశ్న: 15 ఏళ్ల గృహరుణాన్ని ఆరేళ్లకే తీర్చేశాను. దానితో పాటు ఒకేసారి కట్టిన బీమా ప్రీమియంలో ఏమైనా వస్తుందా? — శ్రీకాళహస్తి పాఠకుడు

జవాబు: పాలసీ కాలం ఇంకా మిగిలి ఉంటే రావచ్చు. రుణం తీరినంత మాత్రాన ఆ మిగులు దానంతట అదే ఖాతాలో పడదు, మీరు అడగాలి. రుణం తీరినట్లు బ్యాంకు ఇచ్చిన పత్రాన్ని, బీమా ధ్రువపత్రాన్ని జతచేసి బీమా కంపెనీకే నేరుగా రాయండి. ధ్రువపత్రంలో సరెండరు విలువను, అంటే గడువుకు ముందే పాలసీని వదులుకుంటే వెనక్కి వచ్చే సొమ్మును, లెక్కించే పద్ధతి సాధారణంగా ముద్రించి ఉంటుంది. దాని ప్రకారం మీకు వచ్చే మొత్తం మరీ చిన్నదైతే, సరెండరు చేయకుండా పాలసీని గడువు తీరేవరకు మీ కుటుంబం కోసం కొనసాగించుకోవడానికి వీలుందేమో అదే ఉత్తరంలో అడగండి. అలా కొనసాగిస్తే, నామినీగా మీ భార్య పేరు నమోదై ఉందో లేదో కూడా సరిచూసుకోండి.