రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ట్రస్టు పెడతారా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర లంక గ్రామం. కొబ్బరికాయల వ్యాపారంలో నెలకు 60 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 40 వేలు. దాచింది 9 లక్షలు. ఊళ్లో పిల్లలకు ఉచిత ట్యూషన్ కేంద్రం పెట్టాలని కోరిక. ఇంకో 6 లక్షలు 2 రూపాయల వడ్డీకి తెచ్చి షెడ్డు వేద్దామనుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మా బావగారు విరాళాలు పంపితే అప్పు తీరిపోతుంది. ట్రస్టా, సొసైటీయా, సెక్షన్ 8 కంపెనీయా? హెల్త్ పాలసీ ఇంకా తీసుకోలేదు. మా అమ్మకు 70 ఏళ్లు.

జవాబు: అసలు సంగతి మీరు చివర్లో రాశారు. ఇంట్లో డెబ్బై ఏళ్ల మనిషి ఉన్నారు, పాలసీ లేదు, ఉన్న 9 లక్షలూ ఊడ్చి పెడతానంటున్నారు. మంచి పని మొదలుపెట్టే చాలామంది చేసే పొరపాటే ఇది. ట్రస్టు ఖాతాలో పడ్డ రూపాయి ఇక మీది కాదు. అమ్మగారిని రాత్రికి రాత్రి రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా అందులోంచి తీయకూడదు. తీస్తే పన్ను మినహాయింపుకే ఎసరు.

కాబట్టి ముందు 3 లక్షల 60 వేలు, అంటే తొమ్మిది నెలల ఇంటి ఖర్చు, మీ పేర ఎఫ్‌డీ వేయండి. ఆరు నెలలకు సరిపడా చాలదా అంటే, మీ ఊరికి చాలదు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు లంకల్లో పరిస్థితి మీరు చూసే ఉంటారు. కాయ దింపేవాళ్లు రారు, లారీ కదలదు. 6 లక్షల మీద నెలకు 12 వేల వడ్డీ మాత్రం ఆగదు. కుటుంబానికి 10 లక్షల హెల్త్ పాలసీ, అమ్మగారికి విడిగా ఇంకొకటి ఈ నెలలోనే తీసుకోండి.

ఇక మీరు అడిగింది. సొసైటీకి మన రాష్ట్ర 2001 చట్టం ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. సెక్షన్ 8 కంపెనీకి, అంటే కంపెనీల చట్టం కింద పెట్టే లాభాపేక్ష లేని కంపెనీకి, ఏటా ఆడిటు, రిటర్నుల ఖర్చు. మీ స్థాయికి దండగ. ఇంట్లోవాళ్లు, ఒకరిద్దరు స్నేహితులు కలిసి నడిపేదానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రాయించుకున్న ట్రస్టు చాలు. అదీ ఏడాది తర్వాత. ఈలోగా బడి గదో, రామాలయం మంటపమో అడిగి నెలకు 3 వేలతో ట్యూషన్ నడపండి.

బావగారిది ఇప్పుడు ఏ పాస్‌పోర్టు? అమెరికా పౌరసత్వం వచ్చేసి ఉంటే ఆయన పంపేది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలి, దానికి మామూలుగా సంస్థకు మూడేళ్ల వయసు, 15 లక్షలు ఖర్చుపెట్టిన లెక్క చూపాలి. ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేయడమేమిటండీ!

ప్రోనోటు మీద ఇంకా సంతకం పెట్టలేదుగా? పెట్టకండి.