హార్మోన్లు వీర్యకణాలను చంపుతాయా, బతికిస్తాయా?

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నప్పుడు రక్తంలో ఆ హార్మోన్ పెరిగినా వీర్యకణాలు సున్నాకు ఎందుకు పడిపోయాయని, హార్మోనే వాటిని చంపిందా అని మీరు అడిగారు. వృషణ కణజాలం మీద కొన్నేళ్లు ప్రయోగశాలలో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: కణాలు చనిపోయేది హార్మోన్ ఎక్కువై కాదు, ఉండవలసిన చోట అది లేక.

మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి విడుదల చేసే ఎల్‌హెచ్ అనే హార్మోన్, వృషణాల్లోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. అందుకే వృషణాల లోపల దాని సాంద్రత రక్తంలో కంటే సుమారు 50 నుంచి 100 రెట్లు ఎక్కువగా ఉంటుంది. బయటినుంచి ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు, హార్మోన్ చాలినంత ఉందన్న సంకేతం మెదడుకు అంది ఎల్‌హెచ్, అదే గ్రంథి విడుదల చేసే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే మరో హార్మోన్ రెండూ తగ్గిపోతాయి. రక్త పరీక్షలో అంకె బాగానే కనిపిస్తుంది కానీ, వృషణాల లోపలి నిల్వ అడుగంటుతుంది. వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్‌ను పురుషులకు గర్భనిరోధకంగా పరీక్షించి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఫలితాలు ప్రకటించింది కూడా ఈ ఆధారంతోనే.

ఎదుగుతున్న వీర్యకణాలకు టెస్టోస్టిరాన్‌ను నేరుగా అందుకునే గ్రాహకాలు లేవు. అవి ఉన్నది వాటిని చుట్టుకుని పోషించే సెర్టోలి కణాల్లో. ఎఫ్‌ఎస్‌హెచ్ పనిచేసేది కూడా ఆ కణాల మీదే. పీయూష గ్రంథి సంకేతాలను మందుతో ఆపిన ఎలుకల స్లైడులను నేను చాలా చూశాను. తెగిన డీఎన్‌ఏ కొసలను గుర్తించే టూనెల్ పద్ధతిలో చనిపోతున్న కణాల కేంద్రకాలు గోధుమ రంగులో కనబడతాయి. వీర్యకణాలు తయారయ్యే సన్నని గొట్టాలైన ఎలుక వృషణ నాళికల్లోని కణాల అమరికను 14 దశలుగా విభజిస్తారు. హార్మోన్ ఆగిన తొలి రోజుల్లో ఆ గోధుమ చుక్కలు అన్నిచోట్లా సమానంగా కాక, 7వ దశకు అటూ ఇటూ ఉన్న నాళికల్లో, క్షయకరణ విభజనలో (క్రోమోజోముల సంఖ్య సగానికి తగ్గే విభజనలో) ఉన్న కణాల్లోనూ అప్పుడే విభజన ముగించిన గుండ్రని కణాల్లోనూ గుమిగూడతాయి. చనిపోయినవాటిని సెర్టోలి కణాలే త్వరగా మింగేస్తాయి కనుక, స్లైడు మీద లెక్కకు అందేది అసలు నష్టంలో కొంత భాగమే.

మందు ఇవ్వని ఎలుకల స్లైడుల్లో కూడా గోధుమ చుక్కలు ఎంతోకొంత ఉంటాయి. ఏర్పడగలిగిన కణాల్లో 75 శాతం వరకు సహజంగానే రాలిపోతాయని అంచనా. ఒక్కో సెర్టోలి కణం పోషించగలిగిన సంఖ్యకు పరిమితి ఉంది కాబట్టి ఈ ఏరివేత అవసరమే. కణమరణాన్ని నడిపించే బ్యాక్స్ అనే ప్రోటీన్ లేకుండా పుట్టించిన మగ ఎలుకల్లో తొలి దశ కణాలు కుప్పపడి, పరిణతి చెందిన వీర్యకణాలు లేక అవి సంతానహీనంగా మిగిలాయని 1995లో తేలింది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే ఆలోచింపజేసే ప్రయోగం లేదు.

కణం లోపల, బ్యాక్స్‌కూ దాన్ని అడ్డుకునే బీసీఎల్-2 వంటి ప్రోటీన్లకూ మధ్య తూకం చెడితే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటపడి, కాస్పేస్ ఎంజైములు మేల్కొని కణాన్ని విచ్ఛిన్నం చేస్తాయి. హార్మోన్లు సెర్టోలి కణాల ద్వారా ఆ తూకాన్ని బతుకు వైపు మొగ్గేలా ఉంచుతాయి: ఎఫ్‌ఎస్‌హెచ్ ప్రధానంగా తొలి దశలను కాపాడితే, విభజన పూర్తికావడానికీ వీర్యకణాలు నాళికలోకి విడుదల కావడానికీ టెస్టోస్టిరాన్ తప్పనిసరి.

సంతానం కోరుకుంటున్నట్లయితే ఇంజెక్షన్ల సంగతి వెంటనే వైద్యులతో మాట్లాడండి. ఎల్‌హెచ్‌లా పనిచేసే హెచ్‌సీజీని, అవసరమైతే ఎఫ్‌ఎస్‌హెచ్‌ను కూడా వారు సూచించవచ్చు. ఆపిన తర్వాత చాలామందిలో సంఖ్య ఏడాదిలోపు కోలుకుంటుంది, కొందరికి రెండేళ్ల దాకా పడుతుంది. ఒక వీర్యకణం తయారీకి దాదాపు 74 రోజులు, ఆపైన వృషణం పక్కనే ఉండి వీర్యకణాలు పరిణతి చెందే ఎపిడిడిమిస్ అనే గొట్టాన్ని దాటడానికి మరికొన్ని రోజులు కావాలి కనుక, మూడు నెలలు గడవకముందే మళ్లీ వీర్య పరీక్ష చేయించి నిరాశపడవద్దు.