జె-1 ట్రాన్స్‌ఫర్: పాతది జూన్ 30న ముగిసి, కొత్తది ఆగస్టు 1న మొదలైతే?

ప్రశ్న ఇదీ: అమెరికాలో జె-1 (ఎక్స్‌ఛేంజ్ విజిటర్ వీసా) మీద రీసెర్చ్ స్కాలర్‌గా పోస్ట్‌డాక్ చేస్తున్నారు, డీఎస్-2019 (యూనివర్సిటీ ఇచ్చే ప్రోగ్రాం అర్హత పత్రం) జూన్ 30 వరకు ఉంది. ఇంకో రాష్ట్రంలోని యూనివర్సిటీ ఆగస్టు 1న చేరమంది. మధ్యలో 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంది కదా, ఆ నెల హైదరాబాద్ వెళ్ళి రావచ్చా అని.

కుదరదండీ. గ్రేస్ పీరియడ్ ఇచ్చింది సామాను సర్దుకొని దేశం వదిలి వెళ్ళడానికి. అందులో పని చేయకూడదు, పొడిగింపు ఉండదు, ట్రాన్స్‌ఫర్ అసలే ఉండదు. ఆ రోజుల్లో విమానం ఎక్కితే పాత డీఎస్-2019తో మళ్ళీ లోపలికి రానివ్వరు. ట్రాన్స్‌ఫర్ జరగాలంటే సెవిస్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డుల వ్యవస్థ) మీ రికార్డు యాక్టివ్‌గా ఉండాలి. అంటే ఎఫెక్టివ్ డేట్ (రికార్డు కొత్త యూనివర్సిటీ చేతికి మారే తేదీ) జూన్ 30 లోపే పడాలి.

"పోనీ, కొత్త యూనివర్సిటీ కొత్తగా డీఎస్-2019 ఇస్తుందిలే" అనుకుంటారు చాలామంది. ముంచేది ఇదే. రీసెర్చ్ స్కాలర్, ప్రొఫెసర్ కేటగిరీల్లో ప్రోగ్రాం ఒకసారి ముగిసిపోతే, మళ్ళీ ఆ రెండు కేటగిరీల్లో రావడానికి 24 నెలలు ఆగాలి. ఐదేళ్ళ గరిష్ఠ కాలంలో మీరు ఒక్క ఏడాదే వాడుకున్నా సరే, మిగతా నాలుగేళ్ళూ పోయినట్టే. ట్రాన్స్‌ఫర్ చేస్తే ఆ ఐదేళ్ళ లెక్క కొనసాగుతుంది, కొత్తగా మొదలవదు. కేటగిరీ కూడా అదే ఉండాలి. షార్ట్ టర్మ్ స్కాలర్‌గా వచ్చి రీసెర్చ్ స్కాలర్‌గా మారడం ట్రాన్స్‌ఫర్ కిందికి రాదు.

మీకున్న దారులు రెండు. ఒకటి, కొత్త డిపార్ట్‌మెంట్‌ను అడిగి జాయినింగ్‌ను జూన్ చివరికో, జులై 1కో ముందుకు జరిపించుకోవడం. రెండు, పాత యూనివర్సిటీ చేత జులై 31 వరకు పొడిగింపు తీసుకోవడం. రెండోదానికి మీ ప్రొఫెసర్ ఒప్పుకోవాలి, ఆ నెలకు జీతమో వేరే ఫండింగో కాగితం మీద చూపాలి. ఇండియా ప్రయాణం ముఖ్యమైతే నేను రెండోదే అడగమంటాను. జమ అయిన సెలవుల మీద వెళ్ళి రావచ్చు.

ఎఫెక్టివ్ డేట్ తర్వాత కొత్త యూనివర్సిటీకి రికార్డు వాలిడేట్ చేయడానికి (మీరు చేరారని సెవిస్‌లో ధ్రువీకరించడానికి) 30 రోజులుంటాయి. దాన్ని చూసి "జూన్ 30న ట్రాన్స్‌ఫర్ పెట్టించి, నెల తిరిగొచ్చి చెక్-ఇన్ అవుతాను" అని లెక్క వేయకండి. అది వాళ్ళ ఆఫీసు పనికిచ్చిన గడువు, మీ సెలవు కాదు. పైగా జూన్ 30కి 30 రోజులు కలిపితే జులై 30. మీ ఆగస్టు 1 ఆ గడువు దాటాకే వస్తుంది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. ముందు కొత్త డిపార్ట్‌మెంట్ తమ ఇంటర్నేషనల్ ఆఫీసుకు రిక్వెస్ట్ పెడుతుంది. మీరు ఆఫర్ లెటర్, ఇప్పటిదాకా ఇచ్చిన డీఎస్-2019లన్నీ, పాస్‌పోర్ట్, ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు), ఫండింగ్ రుజువు పంపుతారు. వాళ్ళ దగ్గర ట్రాన్స్‌ఫర్-ఇన్ ఫారం ఉంటుంది, దాన్ని పాత యూనివర్సిటీ రెస్పాన్సిబుల్ ఆఫీసర్ (జె-1 వ్యవహారాలు చూసే అధికారి) నింపాలి. తేదీ మీద రెండు ఆఫీసులూ ఒక మాట మీదికి వచ్చాక, కొత్త స్పాన్సర్ ప్రోగ్రాం నంబరుతో పాత ఆఫీసు సెవిస్‌లో రిలీజ్ పెడుతుంది. ప్రోగ్రాం నంబరు తప్పు పడకుండా చూడమని మెయిల్‌లో ప్రత్యేకంగా అడగండి. ఎఫెక్టివ్ డేట్ వచ్చేదాకా రికార్డు పాతవాళ్ళ చేతిలోనే ఉంటుంది, ఏదైనా మారితే రద్దు చేయగలరు. ఆ రోజు దాటాక వాళ్ళేమీ చేయలేరు. కొత్త డీఎస్-2019 కూడా ఆ రోజు నుంచే ఇవ్వగలరు. కాబట్టి సెలవు రోజునో శని, ఆదివారాల్లోనో తేదీ పెట్టించుకోకండి.

మొత్తానికి రెండు నెలల ముందే మొదలుపెట్టండి. ప్రొఫెసర్‌కు చెప్పకుండా లోపల్లోపల కానిచ్చేద్దామనుకోకండి. చాలా చోట్ల రిలీజ్‌కు డిపార్ట్‌మెంట్ సంతకం అడుగుతారు.

ఎఫెక్టివ్ డేట్ నుంచి పాత చోట పని, జీతం ఆగిపోవాలి. అంతకుముందు కొత్త ల్యాబ్‌లో పని మొదలుపెట్టకూడదు, జీతం లేకుండా అయినా సరే.

ప్రయాణం విషయం. వీసా మీద పాత యూనివర్సిటీ పేరున్నా గడువుంటే చెల్లుతుంది, కొత్త డీఎస్-2019తో రావచ్చు. అయితే ఎఫెక్టివ్ డేట్ నాటికి అమెరికాలోనే ఉండండి. ఆ రోజు మీరు హైదరాబాద్‌లో ఉంటే చేతిలోని పాత కాగితం చెల్లదు, కొత్తది అందేదాకా కదలలేరు. వెళ్ళే ముందు డీఎస్-2019 మీద ట్రావెల్ సంతకం చూసుకోండి. వీసా గడువు తీరిపోయిందా? అయితే ఈ మధ్యలో వెళ్ళకపోవడమే మంచిది. 2025 సెప్టెంబరు 2 నుంచి జె-1 వాళ్ళకు డ్రాప్‌బాక్స్ (ఇంటర్వ్యూ లేకుండా వీసా రెన్యూవల్) లేదు, ఇంటర్వ్యూ స్లాట్ మీ సెలవుల్లోనే దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కేటగిరీ మారనంతకాలం 220 డాలర్ల సెవిస్ ఫీజు మళ్ళీ కట్టక్కర్లేదు. జె-2లో ఉన్న భార్య/భర్త, పిల్లల రికార్డులు మీతోపాటే కదులుతాయి కానీ ఒక్కొక్కరికీ కొత్త డీఎస్-2019 కావాలి. వాళ్ళ పేర్లు, పుట్టిన తేదీలు సరిచూసుకోండి. పాత యూనివర్సిటీ ఇన్సూరెన్స్ ఏ రోజుతో ఆగుతుందో ముందే కనుక్కోండి, ఒక్కరోజు కూడా ఖాళీ ఉండకూడదు. నిబంధన ప్రకారం ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్ల కవరేజీ, వైద్య తరలింపుకు 50,000, భౌతికకాయం స్వదేశానికి పంపడానికి 25,000 ఉండాలి, డిడక్టిబుల్ (ముందు మీ జేబులోంచి పెట్టాల్సిన మొత్తం) 500 మించకూడదు. చౌకగా దొరికే ట్రావెల్ పాలసీ తీసుకునే ముందు ఈ డిడక్టిబుల్ చూసుకోండి.

రెండేళ్ళు స్వదేశంలో ఉండాలన్న 212(ఇ) షరతుకు మీరు వేవర్ (మినహాయింపు) పెట్టుకొని, స్టేట్ డిపార్ట్‌మెంట్ సిఫార్సు వచ్చేసి ఉంటే ఇక ట్రాన్స్‌ఫర్, పొడిగింపు రెండూ లేవు. ట్రాన్స్‌ఫర్ అయ్యాకే దాని సంగతి చూసుకోండి. 2024 డిసెంబరు 9న స్కిల్స్ లిస్ట్ (ఏ దేశాల, ఏ రంగాల వాళ్ళకు ఈ షరతు వర్తిస్తుందో చెప్పే జాబితా) నుంచి భారత్‌ను తీసేశారు కాబట్టి, ప్రభుత్వ నిధులతో వచ్చినవాళ్ళు కాకపోతే అసలు వేవర్ అవసరమే ఉండకపోవచ్చు.

రెసిడెన్సీ చేస్తున్న డాక్టర్లు ఇది చూసి కంగారుపడకండి. మీ స్పాన్సర్ హాస్పిటల్ కాదు, ఇసిఎఫ్‌ఎంజి (విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతలు చూసే సంస్థ). మీ పద్ధతి వేరు.