క్లబ్ మొదలుపెట్టాలంటే సెకండియరే సరైన సమయం

ప్రశ్న: ఘట్‌కేసర్ దగ్గర ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా దగ్గర ఎలక్ట్రానిక్స్ క్లబ్ లేదు. నలుగురం స్నేహితులం కలిసి మొదలుపెట్టాలనుకుంటున్నాం. హెచ్ఓడీ గారిని అడిగితే ‘ప్రపోజల్ రాసుకుని రండి’ అన్నారు. అందులో ఏం రాయాలి? ప్లేస్‌మెంట్లలో దీనికి విలువ ఉంటుందా?
- ఒక విద్యార్థి

జవాబు: ఈ ఆలోచన మీకు సెకండియర్‌లోనే రావడం మంచిదైంది. ఫైనలియర్ వాళ్లు మొదలుపెట్టిన క్లబ్బులు చాలావరకు వాళ్ల ఫేర్‌వెల్‌తోనే ఆగిపోతాయి. మీ చేతిలో ఇంకా రెండేళ్లకు పైగా ఉంది. ఒక ఏడాది మీరు నడిపి, రెండో ఏడాది జూనియర్ల చేత నడిపించవచ్చు.

ప్రపోజల్ రెండు పేజీలు దాటకూడదు. హెచ్ఓడీ అందులో ముందుగా చూసేవి మూడే: బాధ్యత ఎవరిది, ఏ గదిలో, ఎంత ఖర్చు. క్లబ్ ఉద్దేశం నాలుగు వాక్యాల్లో చెప్పేసి, ఈ సెమిస్టర్‌లో ఏ తేదీన ఏం చేస్తారో పట్టిక వేయండి. మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో జరిగే పరీక్షలు) తేదీలు చూడకుండా పట్టిక వేస్తే మొదటి వారమే తిరిగొస్తుంది. ఫ్యాకల్టీ కోఆర్డినేటర్‌తో ముందే మాట్లాడి సంతకం తీసుకోండి. పేరుకోసం సీనియర్ ప్రొఫెసర్‌ని పెట్టుకుంటే ఆయన మీటింగుల్లో ఉంటారు, మీరు తాళం వేసిన ల్యాబ్ ముందు నిలబడాల్సి వస్తుంది. ల్యాబ్ ఇన్‌ఛార్జిగా ఉన్న యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే పని నడుస్తుంది. లేఖ ప్రిన్సిపల్ పేరున, హెచ్ఓడీ ద్వారా వెళ్లాలి. ఒక కాపీ మీద ‘అందింది’ అని తేదీతో రాయించుకోండి. చివర్లో, ప్రతి కార్యక్రమం తర్వాత తేదీ, హాజరు సంతకాలు, ఫొటోలతో ఒక పేజీ రిపోర్టు ఇస్తామని రాయండి. కాలేజీల నాణ్యతను అంచనా వేసే న్యాక్‌కు విద్యార్థుల కార్యక్రమాల ఆధారాలు చూపించాలి. ఆ కాగితాలు మీరే సిద్ధం చేసి ఇస్తామంటే ఫైలు త్వరగా కదులుతుంది.

సమయం దగ్గరే ఎక్కువ క్లబ్బులు దెబ్బతింటాయి. సాయంత్రం క్లాసులయ్యాక పెడితే కాలేజీ బస్సులు వెళ్లిపోతాయి, హాస్టల్ వాళ్లు తప్ప ఎవరూ మిగలరు. టైమ్‌టేబుల్లో లైబ్రరీ, స్పోర్ట్స్ అని రాసి ఉండే పీరియడ్లలో వారానికి ఒకటి అడగండి. అది దొరక్కపోతే పదిహేను రోజులకోసారి శనివారం మధ్యాహ్నం. ఏదైనా సరే, ఒకే రోజు, ఒకే గంట, ఒకే గది ఉండాలి.

ప్రారంభోత్సవం, బ్యానర్, ముఖ్య అతిథి వీటిని కొన్నాళ్లు పక్కన పెట్టండి. మొదటి రోజే పిల్లల చేత సర్క్యూట్ చేయించండి. 30 మంది వస్తే ముగ్గురికొకటి చొప్పున పది సెట్లు, అదనంగా రెండు. ఒక్కో సెట్లో ఆర్డుయినో యూనో (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న బోర్డు), యూఎస్‌బీ కేబుల్, బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా సర్క్యూట్ కలిపే పలక), ఐదు ఎల్ఈడీలు, 220 ఓమ్‌ల రెసిస్టర్లు ఐదు, ఒక ఎల్‌డీఆర్ (వెలుతురును పసిగట్టే రెసిస్టర్), దానికి జతగా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్, ఇరవై జంపర్ వైర్లు చాలు. ఎల్ఈడీలు మాత్రం ఇంకో యాభై దగ్గర ఉంచుకోండి. రెసిస్టర్ లేకుండా నేరుగా 5 వోల్టులకు పెట్టి మాడ్చేసేవాళ్లు ఎలాగూ ఉంటారు. 220 ఓమ్‌లు పెడితే ఎర్ర ఎల్ఈడీలో సుమారు 14 మిల్లీ యాంపియర్లు ప్రవహిస్తాయని అక్కడే బోర్డు మీద లెక్క వేసి చూపించండి. క్లాసులో విన్న ఓమ్ సూత్రం ఆ క్షణంలో అర్థమవుతుంది.

అసలు చిక్కు కంప్యూటర్ల దగ్గర వస్తుంది. తక్కువ ధర యూనో బోర్డుల్లో చాలావాటికి సీహెచ్340 డ్రైవర్ (కంప్యూటర్ బోర్డును గుర్తించేందుకు వేసే సాఫ్ట్‌వేర్) కావాలి. అది లేకపోతే కంప్యూటర్లో బోర్డు పోర్టే కనిపించదు. ల్యాబ్ సిస్టమ్‌లలో ఇన్‌స్టాల్ చేయాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ముందు రోజే ల్యాబ్ టెక్నీషియన్‌ని బతిమాలైనా సరే, పెన్‌డ్రైవ్‌లో సాఫ్ట్‌వేర్, డ్రైవర్ తీసుకెళ్లి పది సిస్టమ్‌లలో వేయించి, ఒక్కోదానిలో ఎల్ఈడీ వెలిగించి చూసుకోండి.

రెండో నెలలో లైన్ ఫాలోయర్ రోబో (నేల మీద గీసిన గీత వెంట నడిచేది) చేయిస్తే, చక్రం తిరగబోగానే బోర్డు రీసెట్ అవుతోందని ఎవరో ఒకరు వస్తారు. మోటారుకు కరెంటు బోర్డు 5 వోల్టుల పిన్ నుంచి ఇచ్చి ఉంటారు. మోటారు మొదలయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది, ప్రాసెసర్ మళ్లీ మొదటికొస్తుంది. దీర్ఘచతురస్రాకారపు 9 వోల్టుల బ్యాటరీకీ అంత కరెంటు ఇచ్చే శక్తి ఉండదు. రెండు 18650 సెల్స్ (రీఛార్జి చేసుకునే లిథియం సెల్స్) సిరీస్‌లో పెట్టి, మోటార్లను నడిపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు ద్వారా ఇవ్వండి. డ్రైవర్లోనే రెండు వోల్టుల దాకా పోయినా బీఓ మోటార్లకు (చిన్న రోబోల్లో వాడే పసుపు గేర్ మోటార్లు) సరిపోతుంది. బ్యాటరీ గ్రౌండ్, బోర్డు గ్రౌండ్ కలపడం మరిచిపోతే మాత్రం ఏదీ పనిచేయదు. ఇలాంటి తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయించండి. దాని ఉపయోగం ఏమిటో కింద చెబుతాను.

డబ్బు విషయంలో గట్టిగా ఉండండి. పెద్ద మెంబర్‌షిప్ ఫీజు పెట్టి ఒకరి ఫోన్‌పేలోకి వసూలు చేస్తే నెల తిరక్కుండానే మాటలొస్తాయి. బోర్డులు ల్యాబ్ స్టాక్ నుంచి ఇప్పించుకోండి. వైర్లు, ఎల్ఈడీల లాంటి ఖర్చయ్యే వస్తువులకే తలా కొంత వేసుకోండి. లెక్క ఇద్దరు రాయాలి, అందరికీ కనిపించాలి. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా సరే, కాలేజీ పేరున బిల్లు తీసుకోండి. అది లేనిదే అకౌంట్స్ సెక్షన్ పైసా కూడా తిరిగివ్వదు. క్లబ్ మెయిల్, డ్రైవ్, ఇన్‌స్టాగ్రామ్ ఒకరి సొంత అకౌంట్ మీద తెరవకండి. ఆ ఒక్కరూ పాసై వెళ్తే అన్నీ పోతాయి.

ఇక ప్లేస్‌మెంట్లు. రెజ్యుమేలో ‘ప్రెసిడెంట్, ఎలక్ట్రానిక్స్ క్లబ్’ అని ఒక్క మాట రాస్తే ఇంటర్వ్యూ చేసేవారు దాని మీదుగా వెళ్లిపోతారు. ఎన్ని సెషన్లు నడిపారు, ఎంతమందికి నేర్పారు, ఏది పనిచేయకపోతే ఎలా కనిపెట్టారు అని రాస్తే అక్కడ ఆగుతారు. ఎంబెడెడ్ (పరికరాల్లోని చిప్‌లకు ప్రోగ్రామ్‌లు రాసే) కంపెనీల ఇంటర్వ్యూలో ‘బోర్డు ఎందుకు రీసెట్ అయింది?’ లాంటి ప్రశ్న వస్తే ఆ నోట్‌బుక్ మీకు పనికొస్తుంది. అయితే చాలా కంపెనీలు ముందు 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్స్ లేకపోవడం చూస్తాయి. మిడ్స్‌కి వారం ముందు నుంచి సెషన్లు ఆపేయండి. ఆ మాట ప్రపోజల్లోనే రాస్తే హెచ్ఓడీ గారికీ నమ్మకం కలుగుతుంది.

ఒక్క మార్పు మాత్రం వెంటనే చేయండి. మీ నలుగురూ సెకండియర్ వాళ్లే అయితే, ప్రపోజల్ ఇచ్చే ముందే ఇద్దరు ఫస్టియర్ వాళ్లను, ఈఈఈ లేదా సీఎస్ఈ నుంచి ఒకరిని పేర్లతో సహా చేర్చుకోండి. సామాను పెట్టె తాళం, స్టాక్ రిజిస్టర్ మొదటి రోజు నుంచే ఆ ఫస్టియర్ పిల్లలకు అప్పగించండి.