బైపోలార్‌కి రక్త పరీక్ష: ఆ లైన్లోకి వెళ్లాలనుకునే అమ్మాయికి

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఇక్కడే ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీ) రెండో సంవత్సరం, కెమిస్ట్రీ ఆనర్స్ చదువుతోంది. మా తమ్ముడికి బైపోలార్ జబ్బు (పట్టలేని ఉత్సాహం కొన్నాళ్లు, దిగులు కొన్నాళ్లు వచ్చే మానసిక జబ్బు), చాలా ఏళ్లుగా దానికి లిథియం మాత్రలు వాడుతున్నాడు. ఈ జబ్బుని రక్త పరీక్షతో పట్టేయొచ్చని పాప ఎక్కడో చదివి, ఆ పనే నేర్చుకుంటానంటోంది. డీఎంఎల్‌టీలో (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేర్పించాలా, ఎంఎస్సీకి పంపాలా? చిన్నాన్నకి ఉంది కదా, పాపకి కూడా ఆ పరీక్ష చేయించాలా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. పాపకి ఏ పరీక్షా అక్కర్లేదు. బైపోలార్ ఉందో లేదో రక్తం చూసి తేల్చే పరీక్ష మన ఆసుపత్రుల్లో మామూలు వాడుకలోకి రాలేదు. డాక్టరు మనిషితోనూ ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడే తేలుస్తారు. నిద్ర అక్కర్లేనంత ఉత్సాహం, ఆగని మాటలు, చేతికందినంత ఖర్చు కనీసం వారం పాటు ఉంటే మేనియా అంటారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రమైతే వారం నిండక్కర్లేదు. తేలిక రకానికి 4 రోజులు చాలు. థైరాయిడ్ పరీక్ష రాస్తే, అది వేరే జబ్బు కాదని చూసుకోడానికి. ఇక వంశపారంపర్యం సంగతి: కన్నవాళ్లకో తోబుట్టువులకో ఉంటే వచ్చే అవకాశం సుమారుగా నూటికి 5 నుంచి 10. చిన్నాన్నకి ఉంటే అంతకంటే తక్కువ. ఆ భయంతో పాప చదువు నిర్ణయించకండి.

పాప చదివింది మాత్రం గాలివార్త కాదు. 2023లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్లు వేలి నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కల్లో 600కి పైగా పదార్థాలు కొలిచారు. 241 మంది శాంపిళ్లలో, డిప్రెషన్ అనుకున్నవాళ్లలో నిజానికి బైపోలార్ ఉన్నవాళ్లని వేరుచేయగల 17 గుర్తులు దొరికాయి. వాటిలో సెరమైడ్లనే కొవ్వు పదార్థాలు ముఖ్యమైనవి. రక్త పరీక్ష ఒక్కటే అయితే 30 శాతం మంది దాకా పట్టగలదనీ, ప్రశ్నావళితో కలిపితే ఇంకా మెరుగనీ తేల్చారు. దీని అవసరం పెద్దదే. బైపోలార్‌ని డిప్రెషన్ అనుకుని ఉత్త డిప్రెషన్ మాత్రలే ఇస్తే కొందరికి మేనియా ఎగదన్నుతుంది.

మరి ఇంకా బజారులోకి ఎందుకు రాలేదు? పాప చేత ఈ లెక్క వేయించండి. ఓ పరీక్ష జబ్బున్నవాళ్లలో 80 శాతం మందిని పడుతుంది, లేనివాళ్లలో 80 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. డిప్రెషన్‌తో వచ్చిన 100 మందిలో 10 మందికి బైపోలార్ ఉందనుకుందాం. పది మందిలో 8 మంది దొరుకుతారు. మిగతా 90 మందిలో 18 మందికి కూడా ఉందనే వస్తుంది. మొత్తం 26 మందికి పాజిటివ్, నిజంగా ఉన్నది 8 మందికే. మిగతా 18 ఇళ్లలో ఏం జరుగుతుందో మీలాంటి ఇంటివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కు మందులది. ఈ జబ్బుకి వాడే ఒలాంజపీన్, క్వెటియాపీన్ లాంటివి రక్తంలో కొవ్వుల్ని మారుస్తాయి. అప్పుడు దొరికిన గుర్తు జబ్బుదా, మందుదా? ఈ రంగంలో తల బద్దలుకొట్టుకునే ప్రశ్న ఇదే.

పని పాడయ్యేది చాలాసార్లు మిషను దగ్గర కాదు, ట్యూబు దగ్గర. బీడీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్ మేనియాలోనూ డిప్రెషన్‌లోనూ తగ్గుతుందని చాలామంది కొలిచారు. దాన్ని దాచుకునేది ప్లేట్‌లెట్లు. రక్తం గడ్డకట్టేటప్పుడు బయటికి వదులుతాయి కాబట్టి సీరంలో (గడ్డకట్టాక మిగిలే ద్రవం) అది ప్లాస్మాలో (గడ్డకట్టనివ్వకుండా వేరుచేసిన ద్రవం) కంటే చాలా ఎక్కువ కనిపిస్తుంది. ఒకరి శాంపిల్ అరగంట గడ్డకట్టనిచ్చి, ఇంకొకరిది రెండు గంటలు బల్లమీద వదిలేస్తే వచ్చే తేడా మనుషులది కాదు, గడియారానిది. ఒంట్లో వాపుని చూపించే సీఆర్‌పీ, ఐఎల్-6 లాంటివి మేనియాలో పెరగొచ్చు. జలుబు చేసినా, పన్ను వాచినా పెరుగుతాయి.

మీ అమ్మాయి కెమిస్ట్రీ చదవడం కలిసొచ్చే విషయం. సెరమైడ్లని కొలిచేది మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల బరువుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే మిషను), అది కెమిస్ట్రీ వాళ్ల పనిముట్టే. నా సలహా: ఇంటికి వెంటనే జీతం కావాల్సిన పరిస్థితి లేకపోతే డీఎంఎల్‌టీ వద్దు. అది మంచి చదువే, ఆసుపత్రి ల్యాబులో త్వరగా నిలబెడుతుంది. కానీ కొత్త గుర్తులు వెతికే పనికి బయోకెమిస్ట్రీలోనో బయోటెక్నాలజీలోనో ఎంఎస్సీ, ఆ తర్వాత పీహెచ్‌డీ దాదాపు తప్పవు. ఎంఎస్సీ ప్రవేశ పరీక్షలు ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, గాట్-బి ఈ మూడూ రాయించండి. ఇవి దేశమంతటికీ ఒకటే. ఆంధ్రా రాష్ట్ర సీట్లకి వెళ్తే, ఒడిశాలో చదివిన పిల్ల కాబట్టి లోకల్ కోటా వర్తిస్తుందో లేదో దరఖాస్తుకి ముందే కనుక్కోండి. ఇంట్లో తెలుగే కదా అని ధీమాగా ఉండి, కౌన్సెలింగ్ నాటికి చేతులెత్తేసే కుటుంబాలు మన సరిహద్దు ఊళ్లలో తక్కువేం కాదు.

ఎంఎస్సీ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 ఫెలోషిప్, ఇంటద్దె భత్యం అదనం. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఈ జబ్బు మీద పనిచేసే ముఖ్యమైన చోటు. ఒకే కుటుంబంలో చాలామందికి మానసిక జబ్బులున్న ఇళ్లవాళ్ల రక్తం నుంచి కణాలు పెంచి చూసే పరిశోధన అక్కడ జరుగుతోంది. దగ్గర్లో చూస్తే బరంపురంలో ఐసర్ అనే కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఉంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి ఈ ఏడే దరఖాస్తు పెట్టించండి. ఈలోగా స్టాటిస్టిక్స్ మొదలుపెట్టమనండి. ఆర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఆర్‌ఓసీ కర్వ్ (పరీక్ష జబ్బుని ఎంత బాగా పడుతుందో చూపే గ్రాఫు) గీయడం, ఇలాంటి రక్త పదార్థాల లెక్కలు చేసే మెటబోఅనలిస్ట్ సైటులో ఉండే నమూనా డేటాతో ఆడుకోవడం సాధారణ ల్యాప్‌టాప్ మీద అయిపోతాయి.

రక్తంతో ఈ జబ్బులో ఇప్పటికే రోజూ జరుగుతున్న పని వాడుతున్న మందుల మోతాదు సరిగ్గా ఉందో లేదో చూసుకుంటూ ఉండటం. దాన్ని పాప చిన్నాన్న దగ్గరే నేర్చుకోవచ్చు. రక్తంలో లిథియం ఎంతుందో చూసే పరీక్షకి రక్తం చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకి తీయాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున్న 9కి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు. మాత్ర వేసుకున్న మూడు గంటల్లోనే తీస్తే అంకె ఎక్కువొస్తుంది, డాక్టరు డోసు తగ్గిస్తారు, జబ్బు తిరగబెడుతుంది. సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే ప్రమాదం. రక్తం ఎర్ర మూతదో పసుపు మూతదో, సీరం ట్యూబులో తీయాలి. ఆకుపచ్చ మూత ట్యూబుల్లో చాలావాటిలో ఉండేది లిథియం హెపారిన్. అందులో తీస్తే ట్యూబులోని లిథియమే లెక్కలోకి వచ్చి, మందు ముట్టని మనిషికి కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ట్యూబు సగమే నింపితే మరీ ఎక్కువ. దీంతోపాటు ఆర్నెల్లకోసారి క్రియాటినిన్ (కిడ్నీల కోసం), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కోసం), కాల్షియం చూడాలి.

వేసవిలో చెమటలు పోసినా, విరేచనాలైనా, బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేసినా, మోకాళ్ల నొప్పికని షాపులో అడిగి డైక్లోఫెనాక్ వేసుకున్నా రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మామూలు రోజుల్లో సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మీ తమ్ముడి శాంపిల్ మీ ఊరి సెంటర్లో తీసి విశాఖకో భువనేశ్వర్‌కో పంపిస్తుంటే, సీరం ఇక్కడే వేరుచేసి పంపుతున్నారా అని ఈసారి పాప చేతే అడిగించండి. చీటీ మీద రెండు టైములు రాయమనండి, చివరి మాత్ర వేసుకున్నదీ, రక్తం తీసిందీ.