యూహెచ్‌పీసీతో ఇంటి స్లాబ్ సగం మందంలో పోయొచ్చా?

యూహెచ్‌పీసీ (అల్ట్రా హై పెర్ఫార్మెన్స్ కాంక్రీట్) అని ఆరు రెట్లు బలమైన కాంక్రీటు వచ్చింది కదా, మా ఇంటి స్లాబ్ 5 అంగుళాలకు బదులు రెండున్నరే పోస్తే చాలదా అని అడిగారు. చాలదండి. అమెరికాలో బ్రిడ్జి పనుల్లో ఈ కాంక్రీటు దగ్గరుండి పోయించాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

యూహెచ్‌పీసీ బలం 150 మెగాపాస్కల్స్ పైమాటే. మన ఇళ్లకు వాడే, 25 మెగాపాస్కల్స్ బలముండే ఎం25 కాంక్రీటుకి ఆరింతలు, నిజమే. కానీ స్లాబ్ వంగకుండా చూసేది స్టిఫ్‌నెస్. అది ఇందులో సుమారు రెట్టింపు మాత్రమే. మందం సగం చేస్తేనేమో వంగడం 8 రెట్లు పెరుగుతుంది. అంటే అదే బరువుకు మీ స్లాబ్ నాలుగింతలు వంగుతుంది. కూలకపోవచ్చు గానీ నడిస్తే అదురుతుంది, టైల్స్ పగులుతాయి.

దీని సత్తా చూడాలంటే బ్రిడ్జి జాయింట్ల దగ్గర చూడాలి. ఫ్యాక్టరీలో పోసిన డెక్ (బ్రిడ్జి మీద బండ్లు నడిచే స్లాబ్) ప్యానెళ్లను పక్కపక్కన పెట్టి, మధ్య సందును దీంతో నింపుతాం. మామూలు కాంక్రీటులో 16 ఎంఎం కడ్డీకి ల్యాప్, అంటే రెండు కడ్డీలు పక్కపక్కన కలిసి ఉండాల్సిన పొడవు, 50డి (కడ్డీ మందానికి 50 రెట్లు) అనుకుంటే 800 ఎంఎం కావాలి. ఇక్కడ అరడుగు సందు చాలు, కడ్డీ అందులోనే పట్టు దొరకబుచ్చుకుంటుంది. కంకర ఉండదు. బాగా తెలిసిన ఒక మిశ్రమంలో క్యూబిక్ మీటరుకు సిమెంటు 712 కిలోలు, నీళ్లు 109 కిలోలే. పైగా సిలికా ఫ్యూమ్, క్వార్ట్జ్ పొడి, సన్న ఇసుక, 156 కిలోల ఉక్కు పీచు. ఆ ధర ఇంటికి ఎలా గిడుతుంది చెప్పండి!

మొదటిసారి కలిపినప్పుడు నాకు ఒకటే టెన్షన్. నీళ్లు పోసి ఎంతసేపు తిప్పినా పొడి పొడిగానే ఉంది. ఇంకో బకెట్ పోద్దామా అనిపించింది, పోస్తే బలమంతా పోయేది. కాసేపటికి ఉండలు కట్టింది, తర్వాత చపాతీ పిండిలా ముద్దయింది, ఉన్నట్టుండి తేనెలా జారడం మొదలుపెట్టింది. పీచు వేసేది అప్పుడే. ఎండాకాలం నీళ్ల బదులు ఐసు వేసేవాళ్లం.

సెంట్రింగ్ మాత్రం నీళ్ల ట్యాంకంత పకడ్బందీగా ఉండాలి. మా దగ్గర ఒకచోట ఫోమ్ టేపు ఊడింది. వేలు దూరని సందులోంచి కారిపోయి, పొద్దున చూస్తే జాయింట్ రెండంగుళాలు దిగింది. పైన మూత వెయ్యకపోయినా చిక్కే, నిమిషాల్లో తోలు కడుతుంది.

పాత బ్రిడ్జిల మరమ్మతులో వస్తున్న మార్పు నాకు మరీ నచ్చింది. స్విట్జర్లాండ్‌లో 2 కిలోమీటర్ల షియాన్ వంతెన కాంక్రీటు లోపలే రసాయన చర్యతో దెబ్బతింటుంటే, 2014, 2015లో డెక్ మీద 4 సెంటీమీటర్ల మందాన ఈ రకం కాంక్రీటే పరిచారు. నీళ్లు లోపలికి దిగవు, డెక్‌కు బలమూ పెరిగింది.

మీ గదుల కొలతలు, బీములు ఎక్కడ వస్తాయో రాయండి. మామూలు ఎం25తోనే ఎక్కడ తగ్గించుకోవచ్చో చూసి చెబుతాను.